కంప్యూటర్‌లో గీసిన ఉంగరం

కె.ఆర్.పురంలో నా నిశ్చితార్థానికి హాజరైనవారు బంధువులు నలభై ఇద్దరు, పురోహితుడు, ఫొటోగ్రాఫర్. ఉంగరాలు రెండు.

అమ్మాయి ఉంగరం కొలత ఇచ్చింది నేనే. "వేలికి దారం చుట్టి తెస్తే చాలప్పా" అన్నాడు ఉంగరం చేసే ఆచారి. నేను ఇంజనీరుని. ఆమె పాత ఉంగరం లోపలి వెడల్పు కొలిచి, పదిహేడు మిల్లీమీటర్ల వృత్తం కంప్యూటర్‌లో గీసి, వైట్‌ఫీల్డ్ ఆఫీసులో ప్రింట్ తీసి ఇచ్చాను.

ముహూర్తానికి ఉంగరం కణుపు దగ్గరే ఆగిపోయింది.

"గట్టిగా తొయ్యప్పా, ఎందుకంత మొహమాటం?" అన్నాడు మా మామయ్య.

"నేను లావయ్యానని మాత్రం అనకండి" అంది అమ్మాయి, తల వంచుకునే.

చివరికి చిటికెన వేలికి తొడిగాను.

మర్నాడు ఆఫీసులో చూస్తే, ప్రింటర్ సెట్టింగుల్లో 'ఫిట్ టు పేజ్' టిక్ చేసి ఉంది. అంచుల్లో ఖాళీ వదలడానికి అది బొమ్మ మొత్తాన్ని కుదించింది. తెరను నమ్మి కాగితాన్ని కొలవకపోవడం నా తప్పు. అప్పుడు మళ్ళీ ప్రింట్ తీసి కొలిచాను. పదహారు మిల్లీమీటర్లు.