స్టీమర్‌లో గంజి

ఒక మనిషి తన భార్యకు రాబోయే ఉద్యోగాన్ని రెండు గ్లాసుల గంజిలో ముంచేయగలడంటే మీరు నమ్మరు. ఆ మనిషి నేనే కాకపోయి ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. తొంభైల చివర్లో, మాదాపూర్ బండరాళ్ళ మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో జరిగిన ఘోరం ఇది. కాస్త ఓపిగ్గా చదవండి, నన్ను తిట్టుకోవడానికి మీకు బోలెడు సందర్భాలు వస్తాయి.

అప్పటికి మాకు పెళ్ళై ఏడాది. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. మా ఆవిడ వసంత అమీర్‌పేటలో ఆరు నెలలు కోచింగ్ తీసుకుని, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే ఉద్యోగమన్నమాట. నాతో ఏడాది కాపురం చేసిన మనిషికి ఆ విషయంలో అనుభవానికేం లోటు? అయినా రెండు ఇంటర్వ్యూలు పోయాయి. ఈ మూడోది కూడా పోతే ఇక ప్రయత్నించనని తేల్చి చెప్పేసింది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూస్తే నాకు దిగులేసింది.

అందుకే నా వంతు సాయం చేద్దామనుకున్నాను. నా జీవితంలో ప్రమాదాలన్నీ ఇలా సాయం చేద్దామనుకోవడంతోనే మొదలవుతాయి. అంతకుముందు ఇస్త్రీపెట్టెతో సాయం చేసి, ఆవిడ పట్టుచీర కొంగుకి పడవ ఆకారంలో కిటికీ పెట్టాను. ఈసారి కాలడమనే గొడవే లేకుండా, ఆవిరితో ముడతలు తీసే స్టీమర్ కొందామని ఆబిడ్స్ వెళ్ళాం.

"చేత్తో పట్టుకునే ఈ చిన్నది చాలండీ," అంది వసంత. నాకది గడ్డం గీసుకునే సామానులా కనిపించింది. పక్కనే పెద్దది ఉంది. కింద ట్యాంకు, నిలువెత్తు స్టాండు, పొడుగాటి గొట్టం. దాన్ని చూడగానే నాలోని ఇంజనీరు లేచి కూర్చున్నాడు. నేను చదివింది బి.కాం. అని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

"ఇదే తీస్కో సాబ్. పట్టు, నూలు, కోటు, ఏదైనా సరే. నీళ్ళు పోయాలె, బటన్ నొక్కాలె, ఫికర్ లేదు," అన్నాడు షాపతను.

నీళ్ళు అనే అన్నాడు. కోర్టులో అడిగినా ఒప్పుకుంటాను.

దాన్ని ఆటోలోంచి దించుతుంటే మా ఇంటి ఓనరు యాదమ్మ వాకిట్లోకి వచ్చింది.

"ఏంది సారు గిది? చేన్ల మందు కొట్టే మిషినా?"

"కాదమ్మా, ఆవిరితో బట్టల ముడతలు తీసేది."

"ఆవిరి గావాలంటే పొయ్యి మీద గిన్నె లేదా? ఇగ మీ ఇష్టం తియ్యి."

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే వసంత ముదురు నీలం మంగళగిరి చీర తీసి కొక్కేనికి తగిలించింది. "గంజి పెట్టడానికి టైం దొరకలేదండీ. ఆ ముడతలు తీయండి చాలు," అని స్నానానికి వెళ్ళింది.

మా వైపు గంజి పెట్టని నేతచీర కట్టుకుని బయటికెళితే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. ఏం చేద్దామా అని వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడే అన్నం వార్చిన గంజి గిన్నెలో వెచ్చగా ఉంది. నీళ్ళకి బదులు ఇదే పోస్తే? ముడతలు పోతాయి, ఆ ఆవిరితోనే గంజీ పట్టేస్తుంది. ఇంత చిన్న సంగతి తట్టనందుకు ఆ స్టీమర్ తయారుచేసినవాళ్ళ మీద జాలిపడ్డాను కూడా. రెండు గ్లాసులు పోసి బటన్ నొక్కాను.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ట్యాంకు గుడగుడమంది. గొట్టం దగ్గింది. దాని మూతి చీర దగ్గర పెట్టి "రా నాయనా," అన్నాను. వచ్చింది. ఆవిరి కాదు, పొంగు. నురగలు నురగలుగా చీర మీద, గోడ మీద, క్యాలెండర్ మీద, నా బనీను మీద. కంగారులో గొట్టం వదిలేస్తే అది మిగిలిన గది సంగతి కూడా చూసింది. స్విచ్ ఆపాలన్న ఆలోచన నాకు అన్నిటికన్నా చివర్లో వచ్చింది.

వసంత తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం పోశారండీ ఇందులో?"

"గంజి."

"ఎందుకు?"

ఎంత సూటి ప్రశ్నో చూడండి.

ఆవిడ అరవలేదు. మంచం అంచున కూర్చుని, "మిగిలిన మంచి చీర అదొక్కటేనండీ," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరిచి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది నాకు.

చప్పుడు విని యాదమ్మ వచ్చింది.

"గంజి పోసినవా సారు! నీకు సర్కారు నౌకరి ఎవలిచ్చిండ్రయ్యా? ఏడ్వకు బిడ్డా, జర ఆ చీర ఇటియ్యి."

తడిగుడ్డతో తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టింది. మచ్చలు పోయాయి కానీ గంజి బిగుసుకుపోయింది. సగం చీర మెత్తగా, సగం అప్పడంలా తయారైంది. కుచ్చిళ్ళు ముందుకు పొడుచుకొస్తుంటే వసంత అలాగే నా స్కూటరెక్కింది.

కంపెనీ గేటు బయట బండ మీద కూర్చుని రెండు గంటలు నన్ను నేను తిట్టుకున్నాను. చివరికి వసంత బయటికొచ్చింది. నవ్వుతోంది!

"ఏమైంది?"

"పెద్దాయన ఒకరు అడిగారండీ. తయారుచేసినవాడి కలలోకి కూడా రాని ఏ పొరపాటు వాడేవాడు చేస్తాడో ముందే ఊహించాలి, ఒక ఉదాహరణ చెప్పమ్మా అని."

"నువ్వేం చెప్పావు?"

"లేచి నిలబడి కుచ్చిళ్ళు చూపించానండీ. జరిగిందంతా చెప్పాను. ఒకటే నవ్వులు! సోమవారం నుంచి రమ్మన్నారు."

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అక్కడే, ఆ గేటు ముందే, కుడిచెయ్యి ఎత్తి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. "ఇకమీదట ఏ యంత్రంలోనూ చెప్పింది తప్ప వేరేది పోయను. నీ చీరల దరిదాపులకు రాను. అడగనిదే సాయం చేయను."

వసంత గబుక్కున నా చెయ్యి పట్టుకుని కిందికి దించేసింది.

"తొందరపడి ఒట్లు పెట్టుకోకండి. ఆర్నెల్లు ప్రొబేషన్ ఉంది. నాకు ఇంకా ఉదాహరణలు కావాలి."