పెన్నలో పిల్లలు గీసిన పటం

మొన్న మా మనవరాలికి ఆన్‌లైన్లో ఒక పెట్టె వచ్చింది. తెరిస్తే నీలం రంగు ఇసుక. పిల్లలు ఆడుకుంటూ సైన్సు నేర్చుకోవాలట. పామిడిలో పెన్న ఒడ్డున పాతికేళ్లు పాఠాలు చెప్పిన నా ఇంటికి ఇసుక కొని తేవడమా అని నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

మా బడికి ల్యాబు లేదు, ఏరుండేది. ఏరంటే నీళ్లనుకునేరు, కనుచూపు మేరా ఇసుకే. శనివారం మధ్యాహ్నాలు నా ఏడో తరగతిని అక్కడికే తీసుకుపోయేదాన్ని. నిండా ఇసుక పోసిన గ్లాసులో నీళ్లెట్లా పడతాయని పిల్లలు పందెం కాసేవాళ్లు. పోస్తే ఇసుక గటగటా తాగేసేది. బంకమన్ను గ్లాసులో మాత్రం నీళ్లు పైనే నిలిచేవి. ఒక ఏడు ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. పిల్లలు ఏట్లో ఇనుప చువ్వలు గుచ్చి, ఇసుక ఎక్కడ లోతుగా ఉందో, చువ్వ కొసకు తడి ఎక్కడ అంటుతోందో చూసి, చార్టు మీద పటం గీసి ఎర్ర సున్నాలు చుట్టారు. ఆడవాళ్లు అక్కడ చెలమలు తవ్వితే గంటలో నీళ్లూరాయి. ఊరంతా ఆ నీళ్లే తాగుతుంటే నా గర్వం అంతా ఇంతా కాదు.

మా లెక్కల సారును నేను అన్నా అనేదాన్ని. వదిన బొరుగులతో ఉగ్గాని చేస్తే నాకోసం వేరే డబ్బా వచ్చేది. ఒకరోజు ఆయనే, "ఆ పటం ఇయ్యమ్మా, అనంతపురంలో సైన్సు ఫెయిర్‌కు పెడదాం" అన్నాడు. నేనే చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాను. పదిరోజులకు టిప్పర్లు దిగాయి. అంత ఏరూ వదిలేసి, సరిగ్గా ఎర్ర సున్నాలున్నచోటే బంకమన్ను తేలేదాకా ఇసుక ఎత్తుకుపోయాయి. చెలమలన్నీ పోయాయి. డ్రైవరు సెల్‌ఫోన్లో మా పటం ఫొటో ఉండటం పిల్లలే చూశారు. చూసి, నావైపు తిరిగారు.

"ఏమన్నా, ఇట్లా చేసినావు?" అని అడిగాను. ఆయన తలైనా వంచుకోలేదు. "కాంట్రాక్టరు మా బామ్మర్దేనమ్మా. ఇసుక యాడికి పోతాది? ఏరొస్తే మళ్లా వస్తాది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నన్ను మోసం చేస్తే చేశాడు, పిల్లల నోటిదగ్గరి నీళ్లు నా చేతులమీదుగా తీయించాడు.

కొన్నాళ్లకు, పటం గీసిన పిల్లల్లో ఒకమ్మాయి బిందె నిండా నీళ్లతో ఎదురైంది. కొత్త చెలమ దొరికిందన్నమాట.

"యాడ దొరికినాయే?" అని ఆశగా అడిగాను.

ఆ పిల్ల బిందెను ఇంకో చంకకు మార్చుకుంది. "చెప్పము మేడం. మళ్లా ఎవరికన్నా ఇస్తారు."

ఆయన అన్నట్టే రెండేళ్లకు ఏరొచ్చింది, గుంటలన్నీ పూడిపోయాయి. ఆ అమ్మాయికి ఇప్పుడొక బిడ్డ. బజారులో కనబడితే నమస్తే పెట్టి, పక్కకు తప్పుకుని పోతుంది. కాలం ఏటికి చేసిన మేలు నాకు చేయలేదు.