లాంజో పాటకు కాగితం

ఆర్డీలియా గ్రామఫోను సూదిని పన్నెండోసారి అదే చోట దించింది. ఎడమచేతి చూపుడువేలు ప్లేటు అంచుకు ఆనించి తిరిగే వేగం కొంచెం తగ్గించింది. పియానో అడుగు వరుసలో మూడు స్వరాలు విని, సూది ఎత్తి, పాట రాసే అయిదు గీతల కాగితం మీద పెన్సిల్‌తో మూడు చుక్కలు పెట్టింది. మళ్లీ దించింది.

పాడుతున్నవాడు ఆమె తమ్ముడు లాంజో. వాయిస్తున్నదీ వాడే. పోయి అయిదు వారాలైంది. కడుపునొప్పని కబేళాలో పని మధ్యలో ఇంటికొచ్చి పడుకున్నాడు, మూడో రోజు లేవలేదు. అప్పట్నుంచీ ఈ రికార్డు సొరుగులోనే ఉంది. పెడితే తట్టుకోలేనేమో అనుకుంది. ఇవాళ పెట్టింది, ఏమీ కాలేదు. ఎక్కడ ఎత్తాడు, ఎక్కడ దించాడు, ఎన్ని తాళం దెబ్బల సేపు నిలిపాడు, అంతే చెవిన పడింది. తమ్ముడు వినిపించలేదు.

పని పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. షికాగో నడిబొడ్డున ఒక పెద్ద రికార్డుల కంపెనీలో పాటలు చూసే హాస్కెట్, డ్రైవరు చేత చీటీ పంపాడు. పాట పేరు ‘మూడో మెట్టు మీద’. ఆరు వాయిద్యాలకు విడివిడిగా రాయాలి. అయిదింటికల్లా అందాలి, ఆరింటికి రికార్డింగు. పాడేది వాళ్ల తెల్ల కుర్రాడు. రెండో చరణంలో ‘తెల్లారేదాకా నా గదిలో ఉండు’ అన్నచోట ‘చీకటి పడేదాకా నాతో ఆడు’ అని మార్చాలి. రచయిత పేరు గడి ఖాళీగా వదలాలి, మేం నింపుకుంటాం, అని ఉంది.

ఇందులో వింతేమీ లేదు. దక్షిణపు పేటల్లో, నాణెం వేస్తే పాడే జూక్ బాక్సుల్లో మన నల్లవాళ్ల పాట ఒకటి నెల తిరగకుండా నలిగిందంటే, రైలు పట్టాల అవతల తెల్ల పిల్లలు కూడా కొట్లకు వెళ్లి అదే అడగడం మొదలుపెడతారు. కంపెనీలు తెల్ల గొంతుతో దాన్ని మళ్లీ పాడిస్తాయి. అవే వాయిద్యాలు, అవే ఎత్తుగడలు. దానికి కొత్త పేరు కూడా పెట్టుకున్నారు, రాక్ అండ్ రోల్ అని. వాళ్ల బ్యాండులోవాళ్లు కాగితం చూడందే వాయించరు కనుక ఎవరో ఒకరు విని రాసివ్వాలి. ఈ రెండేళ్లలో ఆర్డీలియా అలాంటివి ఎనిమిదో తొమ్మిదో రాసింది. లాంజో పాట రావడం మాత్రం ఇదే మొదలు.

ఆమెకు పాటను చుక్కల్లో రాసే నొటేషన్ ఎవరూ నేర్పలేదు. మిసిసిపీలో చిన్నప్పుడు అట్ట ఊడిన కీర్తనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ వేళ్లనూ పుస్తకంలోని చుక్కలనూ పోల్చి చూసుకునేది. షికాగో వచ్చాక తొమ్మిదేళ్లు లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం తొక్కింది. ఆదివారాలు ఒక పాటల జట్టుకు రాసిపెట్టేది. ఆ పని బాగుందని ఇంకొకరు వచ్చారు, వాళ్ల వెనక మరొకరు. పదకొండేళ్ల కిందట లాండ్రీ మానేసింది. చదువురాని గాయకుడు నోట్లో పాటతో మూడంతస్తులు ఎక్కి వస్తాడు. ఆమె విని, కాగితం మీద పెట్టి, ఫారం నింపి, వాషింగ్టన్‌లో పాటలు నమోదు చేసే ఆఫీసుకు పంపుతుంది. ఇక ఆ పాట ఎవరు పాడినా కట్టినవాడికి డబ్బు వస్తుంది.

పదకొండు గంటలకు హోసియా వచ్చాడు. లాంజో బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు, కబేళాలో కూడా వాడి పక్కనే పని. వేయించిన చేప, రొట్టె, కారం నీళ్ల సీసా కాగితంలో చుట్టి తెచ్చాడు. లాంజో పోయిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు ఇలా వచ్చి, ఆమె తినేదాకా కదలడం లేదు.

“ఏంటక్కా, మావాడిని అక్కడక్కడే తిప్పుతున్నావ్? బతికుండగా ఇన్నిసార్లు ఒకే ముక్క పాడమంటే టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు.”

ఆమె నవ్వలేదు. కుర్చీ చూపించింది. “రెండో చరణం అయ్యాక పియానో ఆగిపోతుంది చూడు. అక్కడ నువ్వేం కొట్టావు?”

హోసియా చెప్పాడు. ఆ స్టూడియో పియానోకు ఒక మీట దిగితే లేవదు. సరిగ్గా అక్కడ లాంజో వేలి కింద అది దిగిపోయింది. వాడు బొటనవేలితో దాన్ని పైకి లాగుతుంటే మిగతావాళ్లంతా వాయించడం ఆపి వాడి మొహం చూస్తున్నారు. హోసియాకు భయమేసి చేతికొచ్చింది కొట్టాడు. మీట లేచింది, పాట సాగింది. మళ్లీ వాయిద్దామంటే స్టూడియోవాడు గడియారం చూపించాడు. తీరా ప్లేటు వచ్చాక జనం ఆ ఆగిన చోటుకే కేకలు వేశారు. డ్యాన్సుహాళ్లలో అందరూ అక్కడ కాళ్లు గాల్లో ఆపి నిలబడడం మొదలుపెట్టారు.

“ఎన్ని దెబ్బల సేపు?” అంది ఆర్డీలియా.

“రెండు.”

“రెండున్నర.”

“కొట్టింది నేనక్కా.”

ఆమె సూది దించింది. ఇద్దరూ విన్నారు. హోసియా మోకాలి మీద లెక్కపెట్టుకున్నాడు. “నా చేతులకు తెలీనిది నీకెలా తెలిసింది?”

“నీ చేతులకు తెలుసు. నోటికే తెలీదు.”

ఆమె రెండున్నర అని రాసింది. పాట నడక దగ్గర ఇంకా ఎక్కువ సేపు పట్టింది. మనవాళ్ల తాళం కొంచెం కుంటుతుంది, ఒక అడుగు పొడుగు, ఒకటి పొట్టి. మామూలుగా అయితే సమానంగా రాసేసి, పైన ‘ఊగుతూ’ అని ఒక మాట పడేస్తారు. తెల్ల బ్యాండువాళ్లు కాగితంలో ఉన్నట్టే తిన్నగా నడిచేస్తారు, అన్నాడు హోసియా. పోయిన నెల రేడియోలో అలాంటిదే విన్నాడట, సైనికులు కవాతు చేస్తున్నట్టు ఉందట. ఆర్డీలియా ప్రతి దెబ్బనూ మూడు ముక్కలు చేసి రాస్తోంది. కాగితం నల్లబడిపోతోంది.

“అంత కష్టం ఎవడికోసం?”

“తప్పు రాస్తే నా తప్పే అవుతుంది.”

హోసియా చేపముళ్లు కాగితంలో చుడుతూ, బల్ల మీది చీటీ తీసి చదివాడు. రెండుసార్లు చదివాడు. “ఇక్కడ పేరు ఖాళీగా వదలమన్నారేంటి?”

“వాళ్లు వేసుకుంటారట.”

“ఎవరిది? ప్లేటు మీద మనవాడి పేరుందిగా.”

“ప్లేటు లెక్కలోకి రాదు. కాగితం మీద రాసి వాషింగ్టన్ పంపితేనే…” అంది. ఈ మాట ఆమె ఈ బల్ల దగ్గర కనీసం వందమందికి చెప్పి ఉంటుంది. ఇప్పుడు సగంలో ఆగిపోయింది.

“నువ్వు పంపే ఉంటావుగా, అక్కా.”

ఆమె లేచి సొరుగులోంచి పంపిన పాటల పుస్తకం తీసింది. అందులో లేదని తెలుసు. అయినా మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. వీధి చివర క్షౌరశాల వాడి పాట ఉంది. ఒక్క పాట కట్టి ఊరొదిలి పోయినవాళ్ల పాటలున్నాయి. లాంజోవి ఒక్కటీ లేదు. నా వేళ్లుండగా నీ కాగితాలెందుకక్కా, అనేవాడు వాడు. ఆదివారం కూర్చుందాం, అనేది తను. ప్లేటు వచ్చి, దాని మీద వాడి పేరు అచ్చులో కనబడిన రోజున ఇద్దరూ తృప్తిగా కాఫీ తాగారు. రాసే మనిషి ఇంట్లోనే ఉంది కదా, ఎప్పుడైనా రాసుకోవచ్చని వాడూ అనుకున్నాడు, తనూ అనుకుంది. ప్లేటు వేసిన చిన్న కంపెనీ కూడా పంపలేదని ఆమెకు తెలుసు. అక్కడి కాగితాలూ ఆమే రాస్తుంది.

“ఊరందరివీ రాశావు” అన్నాడు హోసియా.

ఆమె కిటికీ దగ్గర కాసేపు నిలబడింది. ఏడుపొస్తుందేమోనని చూసింది. కింద ఐసు బండి పోతోంది. గడియారం పన్నెండుకు ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. వచ్చి, రాస్తున్న ఆరు వాయిద్యాల కాగితాలూ పక్కకు జరిపి, కొత్త కాగితం తీసింది.

ఈసారి ప్లేటు పెట్టలేదు. బాణీ మొత్తం చేతిలోకి వచ్చేసి ఉంది. పెన్సిల్ ముట్టకుండా సిరాతోనే రాసింది. కింద మాటలు వేసింది, ‘తెల్లారేదాకా నా గదిలో ఉండు’ అని వాడు పాడినట్టే. రెండున్నర దెబ్బల ఖాళీ వేసింది. కుడిపక్క పై మూలలో ‘మాటలు, బాణీ: లాంజో ప్రూయిట్’ అని రాసి, సిరా ఆరనిచ్చింది. ఫారంలో హక్కుదారు అన్నచోట లాంజో భార్య ఎర్లీన్ పేరు పెట్టింది. కింది అంతస్తుకు వెళ్లి ఆమె చేత సంతకం చేయించింది. ఎర్లీన్ చంకలో పిల్లతో, ఏంటొదినా ఇది అంది. సాయంత్రం చెబుతానంది ఆర్డీలియా. నేను చెప్పేదాకా ఇంకే కాగితం మీదా సంతకం పెట్టకు, అని కూడా చెప్పింది.

పోస్టాఫీసు కిటికీలో గుమాస్తా కవరు తూచి, లోపలేముందని అడిగి, రిజిస్టరు ముద్ర వేశాడు. రసీదు మీద ఒంటిగంటా ఇరవై అని పడింది.

తిరిగొచ్చి మళ్లీ కూర్చుంది. రెండు శాక్సఫోన్లు, ట్రంపెట్, పియానో, బేస్, డ్రమ్ములు. హోసియా వెళ్లలేదు. ఒక్కో కాగితం అవగానే అద్దుడు కాగితంతో మెల్లగా ఒత్తి, మంచం మీద పరిచాడు. మధ్యలో ఒకసారి డ్రమ్ముల కాగితం ఎత్తి తిరగేసి మరగేసి చూసి, “ఇది నేనా” అన్నాడు. అవునంది. నాలుగున్నరకు అన్నీ అయ్యాయి. ఆరు కాగితాల మీదా కుడిపక్క పై మూలలో అదే పేరు రాసింది. చేప ముక్క తిని, టోపీ పెట్టుకుని రైలెక్కింది.

హాస్కెట్ చొక్కా చేతులు మడిచి బల్ల దగ్గర నిలబడే ఉన్నాడు. గోడ అవతల ఎవరో ట్రంపెట్ శ్రుతి చూసుకుంటున్నారు. ఆమె పియానో కాగితం ముందు ఇచ్చింది. అతను వేలితో బల్ల మీద తాళం వేస్తూ చదివి, ఆగిన చోట ఆగాడు.

“రెండున్నరా? మావాళ్లు పట్టుకోగలరా, ఆర్డీలియా?”

“రాసినట్టు వాయిస్తే వస్తుంది సార్.”

అప్పుడు మూల చూశాడు. “గడి ఖాళీగా వదలమన్నాను.”

“అవును సార్. పాట ఆ పేరుతో వాషింగ్టన్ వెళ్లింది. ఇవాళే.” రసీదు అతనికి కనబడేలా పట్టుకుంది, చేతికి ఇవ్వలేదు.

హాస్కెట్ రసీదు చూసి, గడియారం చూసి, కాగితం చూశాడు. “ఎవరితను?”

“నా తమ్ముడు.”

“సరే. రేపు తీసుకురా. మాట్లాడుకుందాం. పక్కన ఇంకో పేరు వేసుకుంటే అతనికీ మంచిదే.”

“పోయాడు సార్. హక్కు వాళ్లావిడది. ఆమె నేను చెప్పందే సంతకం పెట్టదు.”

గోడ అవతల ట్రంపెట్ ఆగింది. ఎవరో హాస్కెట్‌ను పేరు పెట్టి పిలిచారు. అతను వస్తున్నానని గొంతెత్తి చెప్పి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. ఆ గొంతులో కోపం కూడా పెద్దగా లేదు.

“నీకు ఇక్కడ మళ్లీ పని ఉండదు. తెలుసు కదా?”

“తెలుసు సార్.”

“రెండో శాక్సఫోన్ ఏది?”

అది బేస్ కాగితానికి అంటుకుని ఉంది. ఆర్డీలియా గోటితో మూల విడదీసి, సిరా చెదరలేదని వెలుతురులో చూసుకుంది. ఆరు కాగితాలూ వరుసగా పెట్టి, అంచులు బల్ల మీద తట్టి సమం చేసి, అతని చేతికిచ్చింది.