మూడో కానాగంత

ఐర్లండ్‌లో, బాలింకాలిగ్ అనే ఊళ్ళోని ఒక వృద్ధాశ్రమంలో రత్నకుమార్ కేరర్. ముసలివాళ్ళను లేపుతాడు, స్నానం చేయిస్తాడు, గడ్డం గీస్తాడు. సొంత ఊరు ఉప్పాడ. అక్కడ చర్చిలో తబలా వాయించేవాడు.

ఒక క్రిస్మస్‌కు ముసలివాళ్ళను నవ్వించాలని, ఆశ్రమంలో పనిచేసే ఐదుగురు స్పాంజితో కానాగంత చేప తలలు చేసి తగిలించుకుని పాడారు. పాట కట్టింది వాళ్ళలో ఒకడైన డెక్లన్. దరువు రత్నకుమార్‌ది. ఎడమ నుంచి మూడో చేప అతనే. ఎవరో తీసిన ఆ వీడియో దేశమంతా తిరిగింది. మాస్కులు తీయకూడదని, పేర్లు చెప్పకూడదని ఐదుగురూ ఒట్టు పెట్టుకున్నారు.

"ఆ తలతో వంటింట్లోకి రాకండి, పులుసు పెట్టేత్తాను," అనేది భార్య సంతోషకుమారి.

చేపతల లోపల ఉక్క. చెమట కళ్ళలోకి దిగేది. అయినా తీయబుద్ధయ్యేది కాదు. అందులో ఉన్నంతసేపూ, మీది ఏ దేశమని అతన్ని ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరిలో, యూరప్ దేశాల పాటల పోటీకి ఐర్లండ్ తరఫున వాళ్ళను ఎంపిక చేశారు. పోటీ మేలో, వేరే దేశంలో. మిగతా నలుగురూ టికెట్ కొనుక్కుంటే చాలు. రత్నకుమార్‌ది ఇండియన్ పాస్‌పోర్టు. వీసా కావాలి, దానికి బృందం ఇచ్చే లెటర్ కావాలి. ఆ నలుగురికీ ఈ సంగతి తట్టలేదు. అతను చెప్పలేదు.

"లెటర్ అడగండి వాళ్ళని. ఎన్నాళ్ళు దాత్తారు?" అంది సంతోషకుమారి.

"అడిగితే, ఈడితో గొడవెందుకని ఇంకోణ్ణి ఎక్కించేత్తారే."

"మొఖమే కనపడదు కదండీ. ఎందుకంత ఇది?"



మూడు వారాలు దాచాడు. చెప్పిన రోజునే డెక్లన్ లెటర్ రాయించాడు. "ముందే చెప్పాల్సింది, రత్నా," అన్నాడు. అంతే. వీసా ఆఫీసులో దొరికిన మొదటి తేదీ, పోటీ ముగిసిన నాలుగు రోజులకు.

డెక్లన్ బావమరిది కానర్‌ది అదే ఎత్తు. రత్నకుమార్ రెండు వారాలు దగ్గరుండి అతనికి నేర్పాడు: భుజం ఎక్కడ విరవాలో, మోకాలిమీద దరువు ఎప్పుడు వేయాలో. తల కొంచెం వదులైతే, లోపల స్పాంజి ముక్క అంటించి ఇచ్చాడు.

పోటీ మొదలయ్యేసరికి మే నెల వెలుగు ఇంకా కిటికీలో ఉంది. ఎనిమిదేళ్ళ కూతురు అబిగేయిల్ టీవీ ముందు కూర్చుంది. ఐదు చేపలు గెంతుతూ వచ్చాయి. అక్కడి జనం హోరెత్తిపోయారు.

"డాడ్, హూ ఈజ్ ఇన్‌సైడ్ యూ?"

"కానర్ అంకుల్."

"హీ ఈజ్ గ్రాండ్, లైక్," అంది అక్కడి యాసలో.

"గ్రాండే," అన్నాడు రత్నకుమార్.

వాళ్ళకు పదకొండో స్థానం వచ్చింది. మర్నాడు డెక్లన్ ఫోన్ చేశాడు. వేసవంతా బయటి దేశాల్లో కచేరీలున్నాయి. ప్రతిసారీ వీసా అంటే కష్టం. కానర్‌నే ఉంచుతున్నారు.

"నువ్వు అర్థం చేసుకుంటావు, రత్నా."

"పర్లేదు," అన్నాడు.

ఆదివారం, దగ్గర్లోని కార్క్ నగరంలో బృందానికి స్వాగతం. తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు. జనంలో ఒకామె ఫోటో తీయమని తన ఫోన్ అతని చేతిలో పెట్టి, పిల్లలతో వెళ్ళి చేపల పక్కన నిలబడింది. మూడో చేప అతన్ని చూసి చెయ్యెత్తబోయి ఆగింది. అసలు మూడో చేప ఎవరో అబిగేయిల్ ఎవరికీ చెప్పలేదు.

ఫోన్ తెరలో ఐదుగురూ పట్టడం లేదు. రత్నకుమార్ రెండడుగులు వెనక్కి వేశాడు.