ఏసీ అంబాసిడర్‌లో చెమటలు

నాన్నగారి పాత అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి పనిచేయని ఏసీని ఎట్టకేలకు ఈ రోజు బాగుచేయించాం. తాళాలిస్తూ మెకానిక్ సలీం భాయ్ ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. "ట్రాఫిక్‌ల ఆగినప్పుడు ఏసీ బంద్ చెయ్యున్రి సార్, లేకుంటే ఇంజన్ గరం అయితది."

పటాన్‌చెరులో లారీల వెనక ఇరుక్కుపోయాం. ఏసీ ఆపి అద్దం దించబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

"దించకురా! ఏసీ పనిచేయట్లేదనుకుంటారు."

ఇద్దరం ఇడ్లీల్లా ఉడుకుతుండగా మా పక్కింటి యాదగిరి వచ్చి అద్దం తట్టాడు.

"సార్, ఏసీ బాగుచేయించిన్రంట గద! ఎండకు సస్తున్న, జెర నన్ను గూడ ఎక్కించుకోన్రి."

నాన్న మురిసిపోతూ వెనక తలుపు తీయించారు. యాదగిరి ఎక్కి కూర్చున్న కాసేపటికే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఎలా ఉందయ్యా మా ఏసీ?" అన్నారు నాన్న.

"మస్తు సల్లగున్నది సార్," అన్నాడు పాపం, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

నాన్న నా వైపు తిరిగారు. "ఆయనకి చలేస్తోందేమో, కాస్త తగ్గించరా."

ఆపేసిన ఏసీని ఇంకా ఎలా తగ్గించాలో తెలిసినవాళ్లుంటే కామెంట్లలో చెప్పండి. నేనైతే మీట తిప్పినట్టు నటించాను.