ఇరవై ఆరు ఆటలు

మొన్న ఆదివారం మార్కాపురంలో ఒక ఫంక్షన్ హాలులో మా మనవరాలికి గణిత ప్రతిభా పతకం ఇస్తారంటే వెళ్ళాను. వచ్చిన పిల్లలందరికీ పతకాలే. తిరిగివచ్చేటప్పుడు ఆటోలో ప్రశ్నాపత్రం చూసి, ఈ లెక్క ఎట్లా చేశావే అని అడిగితే, "ఆప్షన్ సి అవ్వా, సార్ ముందే చెప్పినాడు" అంది. ఆ పతకం మీద, అది ఇచ్చినవాళ్ళ మీద నాకు రోత పుట్టింది. అయితే నా ఈడు వాళ్ళతో నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, ఆ రోత అంతా వాళ్ళ మీదే కాదు.

పుల్లలచెరువు వైపు ఒక పల్లె బడిలో లెక్కల టీచరుగా చేరిన కొత్తలో, ఎనిమిదో తరగతిలో ఒక కూలివాళ్ళ పిల్ల ఉండేది. దూరం నుంచి నీళ్ళు మోసి ఇంట్లో పోసి, ఆలస్యంగా వచ్చి, తలుపు దగ్గరే నిలబడి బోర్డు వంక చూసి, నేను లెక్క సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది. వాళ్ళ నాయనను బతిమాలి ఒప్పించి, ఆ పిల్లను మార్కాపురంలో జరిగిన తాలూకా పోటీకి నేనే తీసుకువెళ్ళాను.

ఇరవై ఏడు కబడ్డీ జట్లు, ఓడిన జట్టు తప్పుకోవాలి, చివరికి ఒకటే మిగలాలంటే ఎన్ని ఆటలు జరగాలి అన్నది ప్రశ్న. తక్కిన పిల్లలు పేజీ నిండా జతలు కట్టి కూడుతుంటే, మా పిల్ల ఇరవై ఆరు అని ఒక్క అంకె వేసి ఇచ్చేసింది. పేపర్లు దిద్దే పెద్దమాస్టారు మా ఇద్దరినీ పిలిపించాడు.

"స్టెప్పులేవి? ఎవరిది చూసి రాసినావు?"

"చూడలేదు సార్. ఆటకొక జట్టు ఇంటికి పోతాది. గెలిచేది ఒకటే గదా. తక్కిన ఇరవై ఆరు పోవాలంటే ఇరవై ఆరు ఆటలు."

ఆయన గైడు తిరగేసి, అందులో ఇట్ల లేదని ఎర్రసిరాతో సున్నా చుట్టి, "ఏంది టీచరమ్మా, ఇట్లనా నేర్పించేది?" అన్నాడు.

"ఇకమీదట సరిగ్గా నేర్పిస్తాను సార్" అన్నాను నేను.

తిరుగు బస్సులో ఆ పిల్ల అడిగింది, "నాది తప్పా మేడం?"

"తప్పు కాదమ్మా."

"మరి అక్కడెందుకు చెప్పలేదు?"



తరువాత ఆ పిల్ల గైడులో ఉన్నట్లే వరుసగా రాయడం నేర్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను, పదో తరగతి మంచి మార్కులతోనే దాటింది. బోర్డు చూసి నాకంటే ముందు జవాబు చెప్పడం మాత్రం మళ్ళీ ఎన్నడూ లేదు.

ఆ కాలమే గొప్పదని నేను అనను. కాకపోతే అప్పుడు తనకు తోచింది చెప్పే పిల్ల ఒకతె ఉండేది, ఆమె నోరు మూయించడానికి ఇద్దరు పెద్దవాళ్ళం పూనుకోవలసి వచ్చింది. ఇప్పుడు పిల్లలకు ఏదైనా తోచేలోపే జవాబు చేతిలో పెట్టి పంపుతున్నాం, ఆ శ్రమ కూడా లేదు.