ముట్టిందా?

బాన్సువాడలో మా వడ్ల కొనుగోలు ఆఫీసులో ఒక అక్క ఉండేది. మాలో ఎవరు ఊరికి బయల్దేరినా కాసేపటికి ఫోన్ చేసి "ముట్టినవా?" అని అడిగేది. చేరామని వినేదాకా ఆమెకు పని మీద మనసు నిలిచేది కాదు.

వర్ని, రుద్రూర్ కేంద్రాల తూకం వివరాలు నేరుగా మా డేటాబేస్‌లోకి వచ్చేలా పైప్‌లైన్ కలిపే పని నాకిచ్చారు. సర్వర్ పేరు, పాస్‌వర్డ్, వివరాలు చేరాల్సిన టేబుల్ పేరు అన్నీ నింపి బటన్ నొక్కాను. తెరపై పచ్చ గుర్తు వెలిగింది.

"అయిపోయిందక్కా!"

"పోయింది సరే తమ్మీ, ముట్టిందా?"

తనే ఆ టేబుల్ తెరిచి చూసింది. బస్తాలు, బరువులు సరిగ్గానే ఉన్నాయి. రైతుల పేర్లుండాల్సిన చోట మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు! తెలుగు అక్షరాలు పట్టే సెట్టింగే ఆ డేటాబేస్‌లో పెట్టలేదు.

"పేరు లేకుంటె గీ వడ్లు ఎవలియి? ఆ రైతు వచ్చి అడిగితె ఏం జెప్తం?" అంది నెమ్మదిగా.

సెట్టింగ్ మార్చి మళ్లీ పంపించాను. ఆమె ప్రతి పేరూ పైకి చదివాకే లేచింది.

మొన్న ఆమెకు మద్నూర్ బదిలీ అయింది. ఆమె బయల్దేరిన సాయంత్రం ఈసారి నేనే "ముట్టినవా అక్కా?" అని మెసేజ్ పెట్టాను.

వెంటనే జవాబొచ్చింది: "ముట్టిన తమ్మీ. తెలుగుల రాసిన, మంచిగ కనవడ్తుందా?"